వెగాస్‌లో మంచి టేబుల్ కోసం తిరుగుడు

గురువారం

లాస్ ఏంజెలస్ నుంచి ఐ-15 పట్టుకుంటే వెగాస్ సుమారు 270 మైళ్లు. బార్‌స్టోలో కాఫీ తాగి, గ్యాస్ కొట్టించుకున్నాక మిగిలినదంతా ఎడారే. వారాంతం వస్తే బ్లాక్‌జాక్ టేబుళ్ల మీద కనీస పందెం పెంచేస్తారు కాబట్టి కావాలనే గురువారం బయల్దేరాం. పక్క సీట్లో మా బావమరిది. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే ఎమ్మెస్ చేసి ఉద్యోగంలో చేరాడు. వెగాస్ చూడటం ఇదే మొదలు.

"బావా, నీకు కౌంటింగ్ వచ్చు కదా. ఇంకేం, వెళ్లి కూర్చోవడమేగా?"

"కూర్చోదగ్గ టేబుల్ దొరకాలి కదరా."

ఆ జవాబు వాడికి నచ్చలేదు. బ్లాక్‌జాక్ అంటే 21 దాటకుండా డీలర్ కంటే ఎక్కువ తెచ్చుకోవాల్సిన పేకాట. అందులో ముక్కలు లెక్కపెట్టడం, అంటే కౌంటింగ్, అదేదో ఐన్‌స్టీన్ విద్య అని వాడి నమ్మకం. దారిలో లెక్క చెప్పేశాను. 2 నుంచి 6 దాకా ఏ ముక్క పడినా ఒకటి కలుపు. 7, 8, 9 వదిలెయ్. పది, బొమ్మలు, ఆసు పడితే ఒకటి తీసెయ్. వచ్చిన సంఖ్యను ఇంకా పంచని డెక్కులు (పేక కట్టలు) ఎన్ని ఉన్నాయో దాంతో భాగించు. దాన్ని ట్రూ కౌంట్ అంటారు. అది పెరిగిందంటే మిగిలినవాటిలో పెద్ద ముక్కలు ఎక్కువున్నట్టు. అది ఒకటి పెరిగినప్పుడల్లా ఆట దాదాపు అర శాతం మనవైపు జరుగుతుంది. 1963లో హార్వీ డబ్నర్ అనే ఆయన ముందుకు తెచ్చిన ఈ హై-లో పద్ధతినే ఇవాళ్టికీ ఎక్కువమంది వాడుతున్నారు. నెవాడా సరిహద్దులోని ప్రిమ్ దాటేలోపు వాడికి వచ్చేసింది. రెండో తరగతి కూడికలు, తీసివేతలు. అంతకు మించి ఏమీ లేదు.

"మరి పోలీసులు పట్టుకోరా?" అన్నాడు. బుర్రతో లెక్కపెట్టుకుంటే నెవాడాలో నేరం కాదు. ఫోనో, ఇంకేదైనా పరికరమో వాడితే మాత్రం నేరం, ఆ చట్టం 1985 నుంచీ ఉంది. అయితే నువ్వు నచ్చకపోతే క్యాసినో నిన్ను ఆడొద్దనొచ్చు.

మధ్యాహ్నానికి స్ట్రిప్ మీద, అంటే పెద్ద క్యాసినో హోటళ్లు వరసగా ఉండే రోడ్డు మీద ఉన్నాం. ఇక నడక మొదలు. స్ట్రిప్ మీద హోటల్ పక్కనే ఉన్నట్టు కనిపిస్తుంది, నడిస్తే ఇరవై నిమిషాలు. లోపలికి వెళ్లాక టేబుళ్ల దాకా మళ్లీ ఇంకో నడక. ప్రతి టేబుల్ దగ్గరా నేను చూసేది ముందు ఒక్కటే, గుడ్డ మీద రాసి ఉన్న అంకెలు. బ్లాక్‌జాక్‌కి 3:2 ఇస్తారా, 6:5 ఇస్తారా?

పాతికేసి డాలర్లు కాసినవాడికి ఆసు, రాజు వచ్చాయనుకోండి. తొలి రెండు ముక్కలకే 21, దాన్నే బ్లాక్‌జాక్ అంటారు. 3:2 టేబుల్‌లో 37.50 ఇస్తారు. 6:5 టేబుల్‌లో 30 ఇస్తారు. బ్లాక్‌జాక్ సగటున ఇరవయ్యొక్క ఆటలకొకసారి పడుతుంది. గంటకు ఎనభై ఆటలు పడితే నాలుగు బ్లాక్‌జాక్‌లు, అంటే గంటకు ముప్పై డాలర్లు చప్పుడు లేకుండా జేబులోంచి పోయినట్టే. ఆరు డెక్కుల ఆటలో, డీలర్ సాఫ్ట్ 17 (ఆసును పదకొండుగా లెక్కేస్తే వచ్చే 17) మీద ఇంకో ముక్క తీసుకునే టేబుల్‌లో హౌస్ ఎడ్జ్, అంటే పందెంలో క్యాసినోకి సగటున మిగిలేది, సుమారు 0.6 శాతం ఉంటుంది. దానికి 6:5 తోడైతే రెండు శాతానికి చేరుతుంది. మొదటిదాంట్లో ట్రూ కౌంట్ ఒకటి, ఒకటిన్నర దాటితే ఆట నీ చేతిలోకి వస్తుంది. రెండోదాంట్లో నాలుగు దాటాలి. ఆరు డెక్కుల షూలో (ముక్కలు పెట్టి పంచే పెట్టెలో) నాలుగు దాటేది ఎప్పుడో గాని రాదు. వచ్చేదాకా రెండు శాతం చొప్పున కట్టుకుంటూ కూర్చోవాలి.

స్ట్రిప్ మీద పది, పదిహేను డాలర్ల టేబుళ్లు దాదాపు అన్నీ 6:5వే. జనం కిటకిటలాడుతూ ఆడుతున్నారు. కొన్నిచోట్ల ముక్కలు కలిపే మిషన్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. ఆడేసిన ముక్కలు వెంటనే మళ్లీ అందులోకి. అక్కడ లెక్కపెట్టడానికి గతం అనేదే ఉండదు. ఇంకొన్నిచోట్ల షూ మధ్యలో కొత్తవాళ్లు చేరకూడదని చిన్న బోర్డు. వెనక నిలబడి లెక్కపెట్టుకుని, కౌంట్ బాగున్నప్పుడు వచ్చి కూర్చునేవాళ్ల కోసం పెట్టిన బోర్డు అది.

మంచి ఆట స్ట్రిప్ మీద లేకపోలేదు. గాజు తలుపుల వెనక హై లిమిట్ గదిలో ఉంటుంది. 3:2, డీలర్ 17 మీద ఆగిపోవాలి, సరెండర్ (సగం పందెం వదులుకుని తప్పుకోవడం) కూడా ఉంటుంది. కాకపోతే కనీస పందెం వంద, రెండొందలు. కౌంటర్, అంటే లెక్కపెట్టి ఆడేవాడు, పందేన్ని ఒకటి నుంచి పది రెట్ల దాకా పెంచాలి, దించాలి. వంద దగ్గర మొదలుపెట్టేవాడికి వెయ్యి దాకా వెళ్లే గుండె, దాని వెనక పెద్ద మూట ఉండాలి. మా దగ్గర రెండూ లేవు.

రాత్రి తొమ్మిదింటికి ఒకచోట పాతిక డాలర్లకు 3:2 టేబుల్ కనపడింది. బావమరిది కుర్చీ లాగబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. షూ అయిపోయింది, డీలర్ కలుపుతోంది. కలిపాక ముక్కల్లోకి కట్ కార్డ్ (ఎక్కడిదాకా పంచాలో చూపే కార్డు) దూర్చాలి కదా, అక్కడ చూడాలి. ఆవిడ చెయ్యి నేరుగా కట్టలో మూడో వంతు దగ్గరకు వెళ్లింది. రెండు డెక్కులు అలాగే పక్కన పడిపోయాయి. అంటే ఆరింట్లో నాలుగే పంచుతుంది. కౌంట్ పెరిగేది చివర్లోనే, ఆ చివరి భాగమే మనకు చూపించరు. నాలుగు డెక్కుల దగ్గర ఆపే ఆటకీ, ఐదు దాకా పంచే ఆటకీ గుడ్డ మీద రాసేది ఒకటే, లాభంలో మాత్రం పొంతన ఉండదు.

"నాలుగు గంటలు నడిపించి ఒక్క పందెం కూడా కాయనివ్వలేదు బావా నువ్వు," అన్నాడు బావమరిది, బూటు విప్పి కాలు చూసుకుంటూ.

శుక్రవారం

డ్యూస్ బస్సెక్కి డౌన్‌టౌన్ వెళ్లాం. ఫ్రీమాంట్ స్ట్రీట్ అంటే పాత వెగాస్. గోల్డెన్ గేట్ హోటల్ 1906 నాటిది. కాస్త అవతల ఎల్ కోర్టెజ్ 1941లో తెరిచారు. చాన్నాళ్లుగా కౌంటర్లంతా చెప్పుకునే పేరు అది, ఒక్క డెక్కుతో ఆడించి 3:2 ఇచ్చే చోటని. ఒక్క డెక్ అన్న బోర్డు చూసి సంబరపడకూడదు, మిగతా చాలాచోట్ల ఒక్క డెక్ ఆటకే 6:5 తగిలిస్తారు. రెండూ కలిసి దొరకడం అరుదు.

ఒక్క డెక్, 3:2 దొరికితే హౌస్ ఎడ్జ్ 0.2 శాతం దగ్గర్లో ఉంటుంది. కౌంటింగ్ లేకపోయినా, ఏ చేతికి ఏం చెయ్యాలో పట్టిక ప్రకారం ఆడేవాడికి దాదాపు సరిసమానం. కౌంటింగ్ వస్తే పందేన్ని నాలుగు రెట్ల దాకా పెంచినా చాలు. చిక్కల్లా, అక్కడ పందెం నాలుగు రెట్లు చేస్తే పిట్ బాస్‌కి (టేబుళ్ల మీద నిఘా ఉంచే అధికారికి) వెంటనే కనబడుతుంది.

టేబుల్ దగ్గర నిలబడి ముందు మనుషుల్ని లెక్కపెట్టాను. ఒక్క డెక్ ఆటల్లో ఆటగాళ్లు, రౌండ్లు కలిపితే ఆరు రావాలన్నది పాత కొలత. ఒక్కడే ఉంటే ఐదు రౌండ్లు, ఇద్దరుంటే నాలుగు, ముగ్గురుంటే మూడు, ఆ తర్వాత కలిపేస్తారు. ఆ కొలత కంటే ఒక రౌండ్ తక్కువ పంచితే దండగ. నేను చూసిన టేబుల్‌లో నలుగురు కూర్చున్నారు, రెండు రౌండ్లకే కలిపేస్తున్నారు. కొలతకు సరిపోయింది, కానీ రెండు రౌండ్లలో కౌంట్ ఏం పెరుగుతుంది? ఎవరైనా లేస్తారేమోనని నిమ్మకాయ సోడా తాగుతూ అరగంట చూశాం. ఒక పెద్దాయన లేచాడు, ఆయన స్థానంలో వెంటనే ఇద్దరొచ్చి కూర్చున్నారు.

ఇదే ఊళ్లో ఒకప్పుడు ఒక్క డెక్కుని చివరి ముక్క దాకా పంచేవారంటే నమ్మబుద్ధి కాదు. ఎడ్వర్డ్ థోర్ప్ అనే గణిత ఆచార్యుడు ఎమ్ఐటీలో ఐబీఎమ్ 704 కంప్యూటర్ మీద లెక్కలు వేసి, ఈ ఆటను ఓడించవచ్చని తేల్చాడు. 1961లో రీనో, లేక్ తాహో వైపు వెళ్లి, పదివేల డాలర్ల పెట్టుబడితో డబ్బు గెలుచుకుని వచ్చాడు కూడా. 1962లో ఆయన పుస్తకం రావడంతో క్యాసినోలు కంగారుపడ్డాయి. 1964 ఏప్రిల్‌లో వెగాస్ క్యాసినోలు కూడబలుక్కుని నిబంధనలు బిగించాయి. కొద్ది వారాలకే టేబుళ్లు ఖాళీ అవడంతో మళ్లీ వదులు చేశాయి. పుస్తకం చదివినవాళ్లు చాలామంది, లెక్క సరిగ్గా పెట్టగలిగినవాళ్లు కొద్దిమంది. ఆ తేడా మీద క్యాసినోలు బాగానే సంపాదించాయి. ఇప్పటి 6:5 టేబుళ్లు చూస్తే, అప్పటి జనమే నయం. వాళ్లు కనీసం లేచి వెళ్లిపోయారు.

సాయంత్రం డౌన్‌టౌన్‌లోనే ఇంకోచోట రెండు డెక్కుల ఆట చూసుకున్నా. 3:2, విడదీసిన జతల మీద పందెం డబుల్ చేసుకోవచ్చు, కనీసం పాతిక. అప్పటికే ఏడు కుర్చీలూ నిండిపోయి ఉన్నాయి. నిండు టేబుల్‌లో గంటకు యాభై, అరవై ఆటలు పడతాయి. ఒక్కడివే కూర్చుంటే రెండొందల దాకా పడతాయి. ఎంత అనుకూలమైన ఆటయినా గంటకు యాభై ఆటలతో చేతికి వచ్చేదేమీ ఉండదు. టైమ్, స్థలం గుర్తుపెట్టుకుని బయటికొచ్చేశాం.

శనివారం

ఆడలేదు. నిన్న పాతిక ఉన్నచోట ఇవాళ యాభై బోర్డు పెట్టారు. హూవర్ డ్యామ్ చూడ్డానికి వెళ్లాం. దారిలో బౌల్డర్ సిటీ తగులుతుంది. డ్యామ్ కట్టే కూలీల కోసం 1931లో వేసిన ఊరు. నెవాడా జూదాన్ని చట్టబద్ధం చేసిందీ ఆ ఏడాదే. విచిత్రమేంటంటే రాష్ట్రమంతా ఆడుకోవచ్చుగానీ ఈ ఊళ్లో క్యాసినోలకు ఈనాటికీ అనుమతి లేదు. బావమరిది ఆ ఊళ్లోనే కాస్త హుషారయ్యాడు. నీడన కూర్చుని ఒక డెక్ తీసి కౌంటింగ్ ప్రాక్టీసు చేశాడు. డెక్ మొత్తం తిప్పేసరికి లెక్క సున్నాకి రావాలి. ముప్పై సెకన్లలోపు వస్తే టేబుల్ దగ్గర సరిపోతుంది. వాడికి మొదట నిమిషంన్నర పట్టింది, సంక్రాంతికి పేకాడి పెరిగిన చెయ్యి కాబట్టి త్వరగానే తగ్గించాడు.

"మన రమ్మీలోనూ పడేసిన ముక్కలు గుర్తుపెట్టుకుంటాంగా బావా. అదీ ఇదీ ఒకటేగా?"

నిజానికి ఆ మాట మన సుప్రీంకోర్టే అంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులో 1967లో తీర్పు ఇస్తూ, రమ్మీలో పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆటేనని చెప్పింది. మూడుముక్కలాట అలా కాదని కూడా అంది. తేడా ఎక్కడొస్తుందంటే, రమ్మీలో ఎదుటివాడూ మనలాంటివాడే. ఇక్కడ ఎదుటివాడు గుడ్డ మీద నిబంధనలు కూడా తనే రాసుకుంటాడు.

ఆదివారం

తెల్లవారుజామున నాలుగున్నరకు లేచాం. శనివారం రాత్రి జనం ఇళ్లకు పోయి, ఆదివారం జనం ఇంకా లేవని వేళ. శుక్రవారం చూసుకున్న రెండు డెక్కుల టేబుల్ ఖాళీగా ఉంది, కనీసం మళ్లీ పాతికకు దిగింది. డీలర్ నడివయసు మనిషి, కలిపాక కట్ కార్డ్‌ని వెనక నుంచి అర డెక్ పైచిలుకు దగ్గర పెట్టాడు. డెబ్భై శాతం పంచుతున్నాడు. ఇంతకంటే బాగుండదు. కూర్చున్నా. బావమరిది వెనక నిలబడ్డాడు.

మొదటి గంట ఏమీ లేదు. పాతిక, పాతిక, పాతిక. ఆ తర్వాత ఒకసారి కలిపాక వరసగా చిన్న ముక్కలు పడ్డాయి. కౌంట్ ప్లస్ ఆరు, ఇంకా డెక్కున్నర ఉంది. ట్రూ కౌంట్ నాలుగు. వంద పెట్టాను. నాకు పది, ఆరు. డీలర్ పైముక్క పది. పట్టిక ప్రకారమైతే పదహారు మీద ఇంకో ముక్క అడగాలి. కౌంట్ సున్నా దాటితే అడగకూడదు. ముక్కలు రెండూ చిప్స్ కిందకు తోశాను. అప్పుడే వచ్చి పక్కన కూర్చున్న ఒకతను, "పదహారు మీద ఆగుతావా?" అని నిట్టూర్చాడు. డీలర్ అడుగు ముక్క తిప్పాడు, ఐదు. పదిహేను. ఇంకోటి తీశాడు, జాకీ. బస్టు, 21 దాటిపోయింది. వెనకనుంచి బావమరిది "అబ్బా!" అన్నాడు, పిట్ మొత్తానికీ వినపడేలా.

పందెం మళ్లీ వంద, ఆ తర్వాత నూట యాభై. కలిపాక తిరిగి పాతిక. పిట్ బాస్ ఫోన్ తీసి ఎవరితోనో మాట్లాడుతూ పైకప్పులో కెమెరాల వైపు చూసింది. నాకు అర్థమైంది, కానీ లేచి వెళ్లాలనిపించలేదు, అంత మంచి ఆట. ఇంకో రెండుసార్లు కలిపాక సూటు వేసుకున్న ఒకాయన వచ్చి చెయ్యి కలిపాడు. మర్యాదగానే చెప్పాడు. "సర్, మీ ఆట మాకు కాస్త ఎక్కువైంది. మా దగ్గర ఇంకే ఆటైనా ఆడుకోండి, బ్లాక్‌జాక్ మాత్రం వద్దు." చిప్స్ మార్చుకుని వచ్చేశాం. ఎందుకని అడగలేదు. నెవాడాలో కారణం చెప్పాల్సిన పని వాళ్లకు లేదు.

న్యూజెర్సీలో అయితే ఇలా కుదరదు. కెన్ ఉస్టన్ అనే కౌంటర్ తనను ఆడనివ్వని క్యాసినో మీద కోర్టుకెళ్తే, 1982లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆయన పక్షాన నిలబడింది. లెక్కపెడుతున్నాడన్న కారణంతో మనిషిని తోసెయ్యడానికి క్యాసినోకి సొంత అధికారం లేదంది. అది మనకు లాభమనుకుంటే పొరపాటు. మనిషిని పంపకూడదు కాబట్టి అట్లాంటిక్ సిటీలో ఆటనే బిగిస్తారు, డెక్కులు పెంచుతారు, కౌంటర్ కనబడితే ముందే కలిపేస్తారు. నన్నడిగితే నెవాడాయే మేలు. మంచి ఆట పెడతారు, పట్టుబడితే పొమ్మంటారు.

బావమరిదికి మాత్రం కోపం తగ్గలేదు. "గెలిస్తే పొమ్మంటారా? ఓడినవాణ్ణి ఎవరైనా పొమ్మన్నారా?" ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

మధ్యాహ్నం గది ఖాళీ చేసి లాఫ్లిన్ బయల్దేరాం. దక్షిణాన వంద మైళ్ల లోపే.

సోమవారం

లాఫ్లిన్‌లో క్యాసినోలు కొలరాడో నది ఒడ్డునే వరసగా ఉంటాయి. నదికి అవతలి ఒడ్డు ఆరిజోనా. రిటైరైనవాళ్లు ఎక్కువ, హడావిడి తక్కువ, కనీస పందెం కూడా వెగాస్ కంటే తక్కువ. ఇక్కడికొచ్చేసరికి బావమరిదే ముందు నడుస్తున్నాడు. ఒక్కో టేబుల్ దగ్గర వంగి గుడ్డ చదవడం, పెదవి విరవడం. "6:5. పద బావా." "మిషను. పద."

ఉదయం పదింటికి ఒకచోట ఆరు డెక్కుల ఆట దొరికింది. 3:2, పది డాలర్లు, ఇద్దరే ఆడుతున్నారు. డీలర్ కట్ కార్డ్‌ని డెక్ మందాన, అంటే బొటనవేలు వెడల్పు కంటే కాస్త తక్కువలో, చివర పెట్టింది. ఐదు డెక్కులకు పైనే పంచుతోంది. పిట్‌లో ఎవరూ ఆమెను పట్టించుకోవడం లేదు. మాటిమాటికీ కలపడం ఆమెకు విసుగేమో. గంటకోసారి ఆమె విరామానికి వెళ్తే ఇంకో అతను వచ్చేవాడు, అతను డెక్కున్నర, రెండు డెక్కులు కోసేసేవాడు. టేబుల్ అదే, గుడ్డ అదే, ఆట వేరు. అతను వచ్చినప్పుడల్లా మేం లేచి నది చూసి వచ్చేవాళ్లం.

సాయంత్రం దాకా ఆడి నష్టంతోనే లేచాం. కౌంట్ బాగా పెరిగిన షూలలోనే డీలర్‌కి ఇరవైలు పడ్డాయి. అది మామూలే. పది డాలర్ల దగ్గర మొదలుపెట్టి పన్నెండు రెట్ల దాకా పెంచే ఆటలో, పరిస్థితులు బాగుంటే గంటకు సగటున పది, పదిహేను డాలర్లు రావచ్చు. అదే గంటలో మూడొందలు అటో ఇటో ఊగుతుంది. వందల గంటలు ఆడితేగాని సగటు కనబడదు. అంతదాకా తట్టుకునే డబ్బు ఇంటి ఖర్చులతో సంబంధం లేకుండా పక్కన ఉండాలి. హోటల్ గది, రిసార్ట్ ఫీజు, గ్యాస్ కలిపితే ఈ ట్రిప్పు లెక్క ఇంకా కిందికే పోతుంది.

నీడిల్స్ దగ్గర ఐ-40 ఎక్కి తిరుగు ప్రయాణం. బావమరిది రీనో సంగతి ఎత్తాడు. అక్కడ ఒక్క డెక్ ఆటలు ఎక్కువని ఎక్కడో విన్నాడట. ఎక్కువే, కానీ అక్కడ చాలా టేబుళ్లలో పది, పదకొండు మీద తప్ప డబుల్ చేయనివ్వరు. ఆ ఒక్క నిబంధనే పావు శాతం తినేస్తుంది. అంత దూరం వెళ్లి అది ఆడే బదులు లాఫ్లిన్‌కే మళ్లీ రావచ్చు.

"ఆ డీలర్ ఏయే రోజులు వస్తుందో కనుక్కున్నావా బావా?"

"సోమ, మంగళ, బుధ. పొద్దున షిఫ్టు."

వాడు ఫోన్ తీసి ఆఫీసు సెలవులు చూసుకోవడం మొదలుపెట్టాడు.